మొదటి మోత వెనక పనితనం

మహేశ్వరానికి పొరుగున, ఇబ్రహీంపట్నం మండలం కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ కర్మాగారం ఉంది. 2023 మేలో శంకుస్థాపన జరిగింది. 2025 నుంచి అక్కడ యాపిల్ వారి ఎయిర్‌పాడ్స్ తయారవుతున్నాయి. పెట్టుబడి ఎంత, ఉద్యోగాలెన్ని, ఎగుమతి ఎక్కడికి అని పత్రికలు బాగానే రాశాయి. నేను రాయబోయేది చెవి వైపు వస్తువు గురించి కాదు, దానికి శబ్దం పంపే కంప్యూటర్ గురించి. అందులోనూ ఒక చిన్న భాగం గురించి: మనం ఇంకా ఏ మీటా ముట్టుకోకముందే ఆ కంప్యూటర్‌లో ఎవరో చేసిపెట్టిన ఏర్పాట్ల గురించి.

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. అక్కడ చదివే పిల్లలు పాత ల్యాప్‌టాప్ ఒకటి కొని అందులో లినక్స్ రకాలైన ఉబుంటో, డెబియనో, ఫెడోరానో ఎక్కిస్తారు. ఇయర్‌ఫోన్ గుచ్చి పాట పెడతారు. మోగుతుంది. మోగింది కాబట్టి ఇక దాని సంగతి ఎవరికీ పట్టదు. పదిహేను ఇరవై ఏళ్ళ కిందట ఇదే పని చేసినవాళ్ళను అడగండి, వేరే కథ చెబుతారు. అప్పుడు మోగడమే విశేషం. ఇప్పుడు మోగకపోతే విశేషం. ఈ రెండు కాలాల మధ్య జరిగిన పనిలో ఎక్కువ భాగం కొత్త కొత్త ప్రోగ్రాములు రాయడం కాదు. ఉన్నవాటికి సరైన డిఫాల్ట్‌లు, అంటే ముందే చేసిపెట్టే ఏర్పాట్లు, ఎంచడం.

లినక్స్‌లో ప్రోగ్రాం రాసేవాళ్ళు ఒకరైతే, దాన్ని ప్యాకేజీగా కట్టి డెబియన్‌లోకో ఫెడోరాలోకో చేర్చేవాళ్ళు చాలాసార్లు మరొకరు. రాసినవాడికి తన యంత్రం, తన స్పీకర్లు, తన చెవులు తెలుసు. కట్టేవాడికి ఏమీ తెలియదు. ఆ ప్యాకేజీ మహేశ్వరంలో ఎవరి ల్యాప్‌టాప్‌లో పడుతుందో, దానికి ఏ సౌండ్ చిప్పు ఉందో, వాడే మనిషికి చూపు ఉందో లేదో, చెవిలో హెడ్‌ఫోన్ ఉందో గదిలో పెద్ద స్పీకరు ఉందో అతను చూడలేడు. అయినా ఒక అంకె రాసి తీరాలి. రాయకపోతే అది కూడా ఒక నిర్ణయమే అవుతుంది, సాధారణంగా చెడ్డ నిర్ణయం.

అల్సాతో మొదలుపెడదాం. లినక్స్ కెర్నెల్‌లో శబ్దం సంగతి చూసే భాగం అది. చెక్ ప్రోగ్రామర్ యారొస్లావ్ కిసెలా 1998లో గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డు కోసం మొదలుపెట్టిన పని పెరిగి పెద్దదై, 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌తో అందరికీ చేరింది. దాని తొలినాళ్ళ డిఫాల్ట్ ఏమిటో తెలుసా? నిశ్శబ్దం. డ్రైవరు ఎక్కగానే చానళ్ళన్నీ మ్యూట్‌లో ఉండేవి. కార్డు బాగుంది, డ్రైవరు బాగుంది, పాట నడుస్తోంది, మోత మాత్రం లేదు. వెయ్యి మంది కొత్తవాళ్ళు లినక్స్‌ను వదిలేసి పోవడానికి ఆ ఒక్క డిఫాల్ట్ చాలు. అయితే దాని వెనక తర్కం లేకపోలేదు. ఏ చిప్పు ఏ మీటకు ఎంత గట్టిగా అరుస్తుందో తెలియనప్పుడు, మైకు తెరిచి ఉండి స్పీకరూ తెరిచి ఉంటే కీచుమని ఊళ వేసే ప్రమాదం ఉన్నప్పుడు, అన్నీ మూసి ఉంచడం కెర్నెల్ వైపు నుంచి సబబే. తెరిచే బాధ్యత పైన ఉన్నవాడిది.

ఆ పైవాడు డెబియన్‌లో ఏం చేశాడో చూడాలంటే అల్సా-యుటిల్స్ ప్యాకేజీలోని ఒక షెల్ స్క్రిప్టు చదవాలి. పేరు యుటిల్స్ డాట్ ఎస్‌హెచ్. అందం ఏమీ లేని ఫైలు. అందులో స్థాయిలను ఒక దారికి తెచ్చే ఫంక్షన్ ఒకటుంది. మాస్టర్‌ను మ్యూట్ తీసి 80 శాతానికి పెట్టు. పీసీఎంను 80. ఫ్రంట్‌ను 80. సీడీని 80. మైకును మాత్రం సున్నాకు దించి నోరు మూయించు. ఇలా వరసగా సాగుతుంది. ఒక్కో చిప్పు తయారీదారు ఒకే మీటను ఒక్కో పేరుతో పిలుస్తాడు కనుక ఆ పేర్లన్నీ వరసలో ఉన్నాయి. కొన్నిటి పక్కన, ఇది ఫలానా చిప్పులో కనబడుతుంది అని చిన్న వ్యాఖ్య కూడా ఉంటుంది. ఎవరో ఎక్కడో మోత రావడం లేదని ఫిర్యాదు చేసి ఉంటారు. దానికి జవాబుగా ఇక్కడ ఒక గీత చేరింది.

ఆ ఫైలులో నాకు బాగా నచ్చిన చోటు పాత పవర్‌మ్యాక్ కంప్యూటర్ల కోసం రాసిన నాలుగైదు గీతలు. స్నాపర్, టంబ్లర్ అనే రెండు సౌండ్ కార్డులలో లోపలి స్పీకరు మామూలుగా మేలుకోదు. ముందు ఆటో మ్యూట్ ఆపాలి, తర్వాత పీసీ స్పీకర్‌ను ఆపాలి, ఆ తర్వాత ఆటో మ్యూట్‌ను మళ్ళీ వేయాలి. అప్పుడు గానీ మోగదు. రాసినవాడు ఆ గీతల మీద, ఇదొక పిచ్చి నాట్యం అని అర్థం వచ్చే వ్యాఖ్య తనే పెట్టుకున్నాడు. తను చేస్తున్నది వికారంగా ఉందని అతనికి తెలుసు. అయినా ఆ మ్యాక్ కొన్న మనిషి ఈ నాట్యం నేర్చుకోనక్కర్లేదని తనే ఆడి పెట్టాడు. ఇలాంటి గీతకు ఎవరూ చప్పట్లు కొట్టరు. నేను కొడతాను.

ఇంకొకటి గమనించండి. ఈ 80 శాతాలన్నీ మొదటిసారికే. కంప్యూటర్ ఆపేటప్పుడు అప్పటి స్థాయిలు ఒక ఫైలులోకి ఎక్కుతాయి. మళ్ళీ వెలిగించినప్పుడు అవే తిరిగి వస్తాయి. వాడుకరి ఒక్కసారి చెయ్యి పెట్టాడంటే, ప్యాకేజీ కట్టినవాడు తన అభిప్రాయం వెనక్కి తీసుకుంటాడు.

ఇప్పుడు మన భాషకు వద్దాం. డెబియన్‌లో ఫెస్టివల్-టీఈ, ఫెస్ట్‌వాక్స్-టీఈ-ఎన్‌ఎస్‌కే అని రెండు ప్యాకేజీలు చాలా ఏళ్ళుగా ఉన్నాయి. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పుట్టిన ఫెస్టివల్ అనే మాట్లాడే యంత్రాంగానికి తెలుగు నేర్పేది మొదటిది. ఎలా పలకాలో చెప్పే నియమాలు అందులో ఉంటాయి. రెండోది గొంతు, ఒక మగ గొంతు. ఎన్‌ఎస్‌కే అనే ఆ సంకేతంతోనే హిందీ, మరాఠీ గొంతు ప్యాకేజీలూ ఉన్నాయి. తెలుగు వాక్యాన్ని యూనికోడ్‌లో ఇస్తే యంత్రం చదివి వినిపిస్తుంది. ఈ రోజు ఫోన్లలో వినే గొంతుల పక్కన పెడితే అది కర్రలా ఉంటుంది, దాచాల్సింది లేదు. కానీ ఇంటర్నెట్ లేకుండా, ఎవరి అనుమతీ అడగకుండా, ఉచితంగా తెలుగు చదివే గొంతు.

ఆ గొంతు పెగలకుండా అడ్డుపడిన రాయి ఒకటుండేది. ఫెస్టివల్ పాతకాలపు పద్ధతిలో శబ్దాన్ని నేరుగా డీఎస్‌పీ అనే పరికర ఫైలులోకి పంపేది. అల్సాకు ముందున్న ఓఎస్‌ఎస్ పద్ధతి అది. చాలా కార్డుల మీద ఒకసారికి ఒక్క ప్రోగ్రామే ఆ తలుపు తీయగలిగేది. కాలం మారాక ఆ తలుపే చాలా యంత్రాల్లో లేకుండా పోయింది. ఫెస్టివల్‌ను పిలిస్తే గొంతుకు బదులు డీఎస్‌పీని తెరవలేకపోతున్నానన్న ఒక్క వాక్యం తెర మీద పడేది. చూపు లేని మనిషి కోసం పెట్టిన ప్రోగ్రాం తన బాధను తెర మీద రాసి చూపించేది!

డెబియన్ వాళ్ళు దీన్ని ప్రోగ్రాం జోలికి పోకుండా సరిచేశారు. ఈటీసీ డైరెక్టరీలో ఉండే ఫెస్టివల్ అమరిక ఫైలులో, ఇది డెబియన్ సొంత మార్పు అని ఒక వ్యాఖ్య రాసి, కింద రెండు గీతలు చేర్చారు. శబ్దాన్ని నువ్వు పంపకు, ఏప్లే అనే కమాండుకు అప్పగించు అని వాటి సారాంశం. ఏప్లే అల్సా-యుటిల్స్‌తోనే వచ్చే చిన్న ప్రోగ్రాం. ఇచ్చిన శబ్దాన్ని మోగించడం తప్ప దానికి వేరే పని లేదు.

ఆ ఏప్లే గీతను మాట మాటగా విప్పి చూడాలి. ముందు, కబుర్లు చెప్పకుండా పని చెయ్యి అనే సూచన. తర్వాత చానల్ ఒకటే అని, ఎందుకంటే మాట్లాడే గొంతుకు స్టీరియో అక్కర్లేదు. తర్వాత ఇది పైతొడుగు లేని ముడి శబ్దం అని, 16 బిట్ల అంకెలని. ఆ తర్వాత వేగం. ఇక్కడ అంకె రాయలేదు. ఏ గొంతు వాడుతున్నామో దాని నమూనా వేగాన్ని ఫెస్టివల్ తనే నింపేలా ఖాళీ వదిలారు. ఒక గొంతు సెకనుకు 16,000 నమూనాలతో, మరొకటి ఇంకో లెక్కతో రికార్డయి ఉండవచ్చు. ఇక్కడ ఏదో ఒక అంకె బిగించి ఉంటే ఒక గొంతు బాగా పలికి, మరో గొంతు కోడిపిల్లలా కిచకిచలాడేది.

అన్నిటికంటే పెద్ద విశేషం అందులో లేని మాట. ఏ సౌండ్ కార్డు మీద మోగించాలో ఆ గీత చెప్పదు. చెప్పే వీలుంది. మొదటి కార్డు, మొదటి పరికరం అని రాయవచ్చు, ఎన్నో ప్రోగ్రాములు అలా రాశాయి కూడా. ఇది రాయలేదు. చెప్పకపోతే ఏప్లే డిఫాల్ట్ అనే పేరున్న పరికరాన్ని అడుగుతుంది. ఆ పేరు వెనక ఎవరుండాలో వ్యవస్థ తేల్చుకుంటుంది. 2005 తర్వాత అల్సాలోని డీమిక్స్ చాలా కార్డుల మీద ఆ పేరు వెనక నిలబడి, నాలుగు ప్రోగ్రాముల శబ్దాలను కలిపి ఒకే కార్డుకు పంపింది. తర్వాత పల్స్‌ఆడియో వచ్చి ఆ చోట కూర్చుంది. ఇప్పుడు పైప్‌వైర్-అల్సా అనే ప్యాకేజీ వేసుకుంటే ఆ పేరు పైప్‌వైర్‌కు దారి తీస్తుంది. కింద ఇన్ని మార్పులు జరిగినా పైన ఆ గీతను తిరగరాయాల్సిన పని పడలేదు. కార్డు పేరు బిగించిన ప్రోగ్రాములు మాత్రం ప్రతి మార్పుకూ మూగబోయాయి. హెచ్‌డీఎంఐ తీగ గుచ్చితే కార్డుల వరస మారిపోయి, మోత టీవీలోకి పోయిందని మొత్తుకున్నవాళ్ళు ఈ సంగతి వెంటనే గుర్తుపడతారు.

పల్స్‌ఆడియో పేరు తలిచాక దాని గొడవ చెప్పకుండా ముందుకు పోలేం. లెనార్ట్ పొయటరింగ్ 2004లో మొదలుపెట్టాడు. 2007 నవంబరులో ఫెడోరా 8, 2008 ఏప్రిల్‌లో ఉబుంటు 8.04 దాన్ని డిఫాల్ట్ చేశాయి. ఆ రోజుల్లో ఉబుంటు వాడినవాళ్ళు పల్స్‌ఆడియోను తిట్టినంతగా మరే ప్యాకేజీనీ తిట్టి ఉండరు. అందులో ప్రోగ్రాం తప్పు కొంత, డ్రైవర్ల తప్పు కొంత, తొందరపడి కట్టిన ప్యాకేజీ తప్పు కొంత. ఉబుంటు వాళ్ళు చేయాల్సిన కసరత్తు చేయలేదని లెనార్ట్ స్వయంగా అన్నాడు. నా లెక్కలో అతని మాటలో నిజముంది, మొత్తం నిజం లేదు.

ఎందుకంటే మూలంలోనే ఒక డిఫాల్ట్ బెడిసికొట్టింది. దాన్ని ఫ్లాట్ వాల్యూమ్స్ అంటారు. దాని ప్రకారం ప్రోగ్రాం వాల్యూమ్, యంత్రం వాల్యూమ్ వేరు వేరు కావు. అన్నిటికంటే గట్టిగా మోగే ప్రోగ్రాం ఎక్కడుంటే యంత్రం స్థాయి అక్కడికి చేరుతుంది. కాగితం మీద ముచ్చటగా ఉంది: స్లైడర్ ఒకటే, అయోమయం లేదు. కానీ బ్రౌజర్‌లో ఏదో వీడియో తన వాల్యూమ్ తానే వంద శాతానికి పెట్టుకుంటే ఏమవుతుంది? యంత్రం మొత్తం వందకు పోతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని అర్ధరాత్రి చదువుకుంటున్న కుర్రాడి చెవి గుయ్యిమంటుంది. డెబియన్, ఉబుంటు తమ ప్యాకేజీల్లో ఆ ఒక్క మాటను అవును నుంచి కాదుకు తిప్పాయి. మార్పు ఒక్క గీత. అది కాపాడిన చెవులెన్నో లెక్క కట్టలేం.

అదే పల్స్‌ఆడియోలో మెచ్చుకోవాల్సింది కూడా ఉంది. దాని అమరిక ఫైలు తెరిస్తే చాలా గీతలు సెమీకోలన్‌తో మొదలవుతాయి, అంటే పనిచేయని గీతలు. అయితే ప్రతి గీతలోనూ డిఫాల్ట్ విలువ రాసే ఉంటుంది. సెమీకోలన్ తీసి విలువ మార్చితే నీది, ముట్టుకోకపోతే వాళ్ళది. నిర్ణయం ఎవరిదో, ఎక్కడ మార్చాలో వేరే పుస్తకం వెతక్కుండా అక్కడే తెలుస్తుంది. కొత్తగా ప్యాకేజీలు కట్టేవాళ్ళు ఈ ఒక్క అలవాటు నేర్చుకున్నా చాలు.

వాల్యూమ్ స్లైడర్ లెక్క కూడా చెప్పుకోదగ్గది. స్లైడర్ సగంలో ఉంటే తరంగం ఎత్తు సగం అనుకుంటాం. కాదు, ఎనిమిదో వంతు. మన చెవి శబ్దాన్ని గుణకాల్లో కొలుస్తుంది కనుక స్లైడర్ విలువను ఘనం చేసి, అంటే మూడుసార్లు వేసి గుణించి, వాడతారు: 0.5 కాస్తా 0.125 అవుతుంది, సుమారు 18 డెసిబెల్స్ తగ్గుదల. నేరుగా లెక్కించి ఉంటే స్లైడర్ పైసగమంతా ఒకేలా మోగి, మార్పంతా కింది కొసన ఇరుక్కునేది. పల్స్‌ఆడియో మిక్సర్ కిటికీలో స్లైడర్ కొస 153 శాతం దగ్గర ఆగడం చూసి, ఇదేం అంకె అని చాలామంది నవ్వుకుంటారు. వంద దాటాక 11 డెసిబెల్స్ వరకే అనుమతి అని పరిమితి పెట్టుకున్నారు. అది ఈ మూడుసార్ల లెక్కలో పడితే వచ్చేది 153. నవ్వాల్సింది లేదు. గ్నోమ్ డెస్క్‌టాప్ అయితే ఆ వంద దాటే వీలునే డిఫాల్ట్‌గా మూసి ఉంచింది. కావాలన్నవాడు సెట్టింగుల్లో తెరుచుకోవచ్చు. చవక ల్యాప్‌టాప్ స్పీకరుతో ఆన్‌లైన్ పాఠం వినే మనిషికి ఆ వంద చాలదు, నిజమే. కానీ చాలదని తెలిసినవాడు వెతుక్కుంటాడు. వంద దాటితే శబ్దం చితికిపోతుందని తెలియనివాడు, తెలియక దాటేవాడు, స్పీకరే చెడిపోయిందనుకుంటాడు.

ఇక పైప్‌వైర్. రెడ్ హ్యాట్‌లో పనిచేసే విమ్ టైమన్స్ సృష్టి. 2021 ఏప్రిల్‌లో ఫెడోరా 34తో డిఫాల్ట్ అయింది. ఉబుంటు 22.10లో, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 గ్నోమ్‌లో కూడా అదే. దీని రాక పల్స్‌ఆడియో రాకలా రచ్చ కాలేదు. పాత ప్రోగ్రాములు పల్స్‌ఆడియోతో మాట్లాడుతున్నామనే అనుకుంటాయి. లోపల జవాబు చెప్పేది పైప్‌వైర్. మనిషి మారాడని ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

దీనికి తోడుగా వైర్‌ప్లంబర్ అనే మరో ప్యాకేజీ నిర్ణయాలు చూసుకుంటుంది. కొత్త స్పీకరు ఏదైనా మొదటిసారి కనబడితే వాల్యూమ్ ఎంత పెట్టాలి? వైర్‌ప్లంబర్ జవాబు 0.4ను మూడుసార్లు వేసి గుణించినంత. స్లైడర్ మీద 40 శాతం, తరంగం ఎత్తులో 0.064. అల్సా స్క్రిప్టు ఇచ్చిన 80కి, ఈ 40కి మధ్య ఒక తరం అనుభవం ఉంది. మన ఊళ్ళలో పందిట్లో మైకుసెట్టు పెట్టే మనిషిని చూడండి, తీగలన్నీ గుచ్చాక ఆంప్లిఫయర్ మీట కిందికి దించి, హలో హలో అంటూ మెల్లగా పెంచుతాడు. తక్కువైతే జనం పెంచమంటారు, ఎక్కువైతే చెవులు మూసుకుని లేచిపోతారు. ఈ 40 కూడా అదే తెలివి. మైకు వైపు మాత్రం వైర్‌ప్లంబర్ డిఫాల్ట్ పూర్తి స్థాయి. అవతలివాళ్ళకు మన మాట వినబడకపోతే ఆ సంగతి మనకు తెలియదు కదా!

అంకెలు ఇంకొన్ని. పైప్‌వైర్ సెకనుకు 48,000 నమూనాలతో నడుస్తుంది. పల్స్‌ఆడియో డిఫాల్ట్ 44,100, అది సీడీల లెక్క. ఇప్పుడు సీడీ పెట్టేవాళ్ళెవరు? వీడియో శబ్దం చాలామటుకు 48,000. వీడియో కాల్స్‌లో శబ్దాన్ని కుదించడానికి వాడే ఓపస్ కోడెక్కు కూడా సహజమైన లెక్క అదే. కాలం మారింది కాబట్టి అంకె మారింది, అంతే. శబ్దాన్ని ఒక్కో విడతకు 1,024 నమూనాల చొప్పున పంపుతుంది, అంటే సుమారు 21 మిల్లీసెకన్ల ముక్కలు. సంగీతం రికార్డు చేసే ప్రోగ్రాం అడిగితే 32 నమూనాల దాకా దిగుతుంది, ఎవరూ అడగకపోతే 1,024 దగ్గరే ఉండి బ్యాటరీని ఆదా చేస్తుంది.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. అది కాలేజీ పిల్లలకు బాగా పనికొచ్చేది. విండోస్ తీయకుండా, అందులోనే వర్చువల్ మెషిన్‌లో లినక్స్ నడిపేవాళ్ళు మన దగ్గర చాలామంది. అలాంటి యంత్రంలో చిన్న ముక్కలుగా శబ్దం పంపితే పటపటమని చిట్లుతుంది, ఎందుకంటే అక్కడ గడియారం నమ్మకమైనది కాదు. పైప్‌వైర్ తను వర్చువల్ మెషిన్‌లో ఉన్నానని పసిగడితే ఆ కనీస పరిమితిని 32 నుంచి 1,024కు తనే పెంచుకుంటుంది. ఈ సంగతి తెలిసిన విద్యార్థి వందలో ఒకడు ఉంటే గొప్ప. మిగతావాళ్ళకు తెలియనక్కర్లేకుండానే మోత శుభ్రంగా వస్తుంది.

ఆటల ప్రోగ్రాములు చాలావాటికి ఆధారమైన ఎస్‌డీఎల్ లైబ్రరీలో మరో రకం వివేకం కనబడుతుంది. అది తెలిసిన శబ్ద మార్గాలను ఒక వరసలో ప్రయత్నించి, మొదట పలికినదాన్ని పట్టుకుంటుంది. అందులో డమ్మీ అని ఒక మార్గం ఉంది. శబ్దాన్ని తీసుకుని పారేస్తుంది, అన్నీ బాగున్నట్టు జవాబిస్తుంది. డిస్క్ అని మరొకటి శబ్దాన్ని ఫైలులో రాస్తుంది. పరీక్షలకు రెండూ పనికొస్తాయి. ఈ రెండింటికీ పేరు పెట్టి పిలిస్తే తప్ప రావద్దని గుర్తు వేశారు. అన్ని మార్గాలూ విఫలమైనప్పుడు డమ్మీని ఇచ్చి చేతులు దులుపుకోవడం తేలిక, ఏ ఫిర్యాదూ రాదు. ఎస్‌డీఎల్ అలా చేయదు, శబ్దం దొరకలేదని నిజం చెబుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ ఒక ఎత్తు, డెబియన్ ఇన్‌స్టాలర్‌లోని ఏర్పాటు ఒక ఎత్తు. కంప్యూటర్‌లో ఇంకా ఏమీ లేదు. ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్ గుచ్చి వెలిగించారు. తెర మీద మెనూ వచ్చింది. చూపున్నవాడు ఏదో ఒక మీట నొక్కి ముందుకు పోతాడు. నొక్కకపోతే? మామూలు ఆలోచన అయితే కాసేపాగి మామూలు ఇన్‌స్టాల్ మొదలుపెట్టాలి. డెబియన్ వాళ్ళు అలా అనుకోలేదు. 30 సెకన్లలో ఏ మీటా నొక్కకపోతే, ఆ మనిషికి మెనూ కనబడటం లేదేమో అనుకుని, మాట్లాడే ఇన్‌స్టాలర్ మొదలవుతుంది. ఆ మెనూలోనే ఎస్ నొక్కినా అదే వస్తుంది. చూపున్నవాడికి దీనివల్ల పోయేదేమీ లేదు, చూపు లేనివాడికి ఎవరినీ పిలవకుండా తన కంప్యూటర్ తనే సిద్ధం చేసుకునే దారి తెరుచుకుంటుంది.

అక్కడ మళ్ళీ సౌండ్ కార్డుల చిక్కు. యంత్రంలో రెండు మూడు కార్డులుంటే ఏది స్పీకరు, ఏది మానిటర్‌లోకి పోయే తీగ? ఇన్‌స్టాలర్‌కు తెలియదు. తెర మీద జాబితా పెట్టి లాభం లేదు. అందుకని ఒక్కో కార్డు మీద వరసగా మాట్లాడుతుంది: నీకు కావాల్సిన చోట నా గొంతు వినబడగానే ఎంటర్ నొక్కు అని. తెలియనిదాన్ని ఊహించకుండా, అడగాల్సిన చోట, అడిగే తీరు తెలిసి అడగడం. ఇన్‌స్టాల్ అయ్యాక కొత్త వ్యవస్థలో కూడా ఆ మాట్లాడే ఏర్పాటు దానంతటదే ఉంటుంది. మొదటి అడుగు చెవితో వేసినవాడికి రెండో అడుగు కూడా చెవితోనే కావాలి కదా. డెబియన్‌లో ఇలాంటి పనులను ఏళ్ళ తరబడి నడిపిస్తున్నవాళ్ళలో ఫ్రాన్సుకు చెందిన సామ్యుయెల్ తిబో పేరు ముందు చెప్పాలి.

ఇంత మెచ్చుకున్నాక రెండు పేచీలు కూడా చెప్పాలి. మొదటిది బ్లూటూత్. ఇయర్‌బడ్స్‌లో పాట వింటుండగా వీడియో కాల్ తెరిస్తే పాట ఒక్కసారి డొక్కు రేడియోలా మారుతుంది. కారణం, బ్లూటూత్‌లో పాటకు ఒక పద్ధతి, ఫోను సంభాషణకు మరో పద్ధతి. రెండోదానిలో మైకు పనిచేస్తుంది కానీ శబ్దం 16,000 నమూనాలకో, పాత పరికరమైతే 8,000కో పడిపోతుంది. ఏదైనా ప్రోగ్రాం మైకు అడిగితే వైర్‌ప్లంబర్ డిఫాల్ట్‌గా ఈ రెండో పద్ధతికి మారుతుంది. మారకపోతే మీటింగ్‌లో మన మాట అవతలకు పోదు, కనుక నిర్ణయం సరైనదే. మారానని చెప్పకపోవడం సరికాదు. ఇయర్‌బడ్స్ పాడయ్యాయని దుకాణానికి పట్టుకెళ్ళేవాళ్ళు ఈ మౌనం వల్లే వెళ్తారు. కొంగరకలాన్‌లో తయారయ్యే ఎయిర్‌పాడ్స్ పాటలకు ఇష్టపడే ఏఏసీ కోడెక్‌తోనూ ఒక ఇబ్బంది ఉంది. దాన్ని కూర్చే ఎఫ్‌డీకే లైబ్రరీ లైసెన్సు చిక్కుల వల్ల డెబియన్‌లో నాన్‌ఫ్రీ విభాగంలో ఉంది. ఫెడోరా కొన్ని భాగాలు కత్తిరించిన రూపాన్ని ఇస్తుంది. ఇక్కడ డిఫాల్ట్‌ను ఎంచింది చెవి కాదు, చట్టం. ప్యాకేజీ కట్టేవాళ్ళను తప్పుపట్టను.

రెండో పేచీ మనతో మనకు. హైదరాబాద్‌లో 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్ తేవడానికి చాలా కృషి చేసింది. డెబియన్ ఇన్‌స్టాలర్‌కు తెలుగు ఉంది, అర్జునరావు చావల వంటి స్వచ్ఛంద అనువాదకుల పుణ్యం. కానీ తెలుగు అక్షరాలు నల్ల తెర కన్సోల్ మీద కుదురుగా పడవు కాబట్టి ఆ తెలుగు గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లోనే కనబడుతుంది. మాట్లాడే ఇన్‌స్టాలర్ నడిచేది కన్సోల్ మీద. చూడలేనివాడికి తెలుగు అక్షరాలు ఎలా పడితే ఏమిటి, అతనికి కావాల్సింది గొంతు! ఆ గొంతు ఉంది కూడా. రాతను చదివి వినిపించే ఈస్పీక్ ఎన్‌జీ అనే ప్రోగ్రాం భాషల్లో తెలుగు ఎప్పటినుంచో ఒకటి. కంటికి సరిపడని ఏర్పాటు చెవికి కూడా తలుపు మూసింది.

ఆ ఈస్పీక్ డిఫాల్ట్ వేగం నిమిషానికి 175 మాటలని రాసి ఉంటుంది. అది సుమారు లెక్క. చేస్తున్నానంటే ఒక మాట, వెళ్ళిపోయినవాళ్ళందరికీ అంటే ఒక మాట అయ్యే మన భాషకు ఆ లెక్క ఎంతవరకు నప్పుతుందో తెలుగువాళ్ళు విని చెప్పాల్సిందే, ఎడిన్‌బరోలోనో పారిస్‌లోనో కూర్చున్నవాళ్ళు చెప్పలేరు.

ఇబ్రహీంపట్నం చుట్టూ చదువుతున్న ఇంజనీరింగ్ విద్యార్థులు ఫైనలియర్ ప్రాజెక్టు కోసం విషయాలు వెతుక్కుంటారు. ఇది తీసుకోండి. ఒక డెబియన్ యంత్రంలో ఈస్పీక్ ఎన్‌జీ, ఫెస్టివల్-టీఈ, ఫెస్ట్‌వాక్స్-టీఈ-ఎన్‌ఎస్‌కే వేసి, ఒకే తెలుగు పేజీని రెండు గొంతులతో, మూడు నాలుగు వేగాలతో చదివించండి. చూపు లేని తెలుగు పాఠకులను పిలిచి వినిపించండి, ఏ వేగం దగ్గర వాళ్ళు హాయిగా విన్నారో రాసుకోండి. ఆ అంకెను, అది ఎలా వచ్చిందో వివరాన్ని ఆయా ప్యాకేజీల బగ్ ట్రాకర్‌లో నమోదు చేయండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక ఈమెయిల్ చాలు.